ఢోకా లేని వార్డు

"ఆ గీత ఇంకో రెండిళ్ళు ఇటు జరపవయ్యా, నీకు పుణ్యముంటుంది!" అంటూ కౌన్సిలరు మ్యాపు మీద అరచేత్తో కొట్టాడు.

"జరిపితే దర్జీ కొట్టు మధ్యలోంచి పోతుందండీ. కుట్టుమిషను మీ ఎనిమిదో వార్డులో, ఆయన కూచునే స్టూలు పక్కనున్న తొమ్మిదో వార్డులో పడతాయి," అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

"స్టూలే పోవాలి. ఓటేసేది మిషను కాదుగా!"

మునిసిపల్ ఆఫీసు పై అంతస్తు అది. ఫ్యాను గాలికి ఎగరకుండా నాలుగు మూలలా టీ గ్లాసులు పెట్టిన ఆ మ్యాపులోనే కౌన్సిలరు ప్రాణమంతా ఉంది. పోయినసారి పదకొండు ఓట్లతో గట్టెక్కాడు. ఈసారి వార్డుల హద్దులు మార్చే పని తన పార్టీ చేతిలోనే పడింది. బళ్ళో ఎక్కాలు రాక గోడకుర్చీ వేసిన మనిషే, ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో మాత్రం నిద్రలో లేపినా చెప్పేస్తాడు. తిట్టే ఇల్లు ఒక్కటి కూడా లోపల ఉండకూడదు. అదీ పట్టు.

"కుళాయి వీధి అండీ?"

"తొమ్మిదిలోకి తోసెయ్. ఆడాళ్ళంతా ఖాళీ బకెట్లు పట్టుకుని మీదికొచ్చారు."

"రిటైరైన హెడ్‌మాస్టరు గారు?"

"తొమ్మిది! కనబడితే చాలు, మురిక్కాలవ సంగతేంటని నిలబెట్టి అడుగుతాడు."

"ఈ మేడ ఇల్లు మీ బావమరిది గారిదండీ. ఉంచేస్తాను."

"ముందు దాన్ని పీకు! ఊళ్ళోవాళ్ళు ఎన్నికలప్పుడే తిడతారు. వాడు భోజనానికి పిలిచి మరీ తిడతాడు."

"అమ్మగారికి తెలిస్తే?"

"ఆవిడకి చెప్పేదెవరు? నువ్వు గియ్యి."

మధ్యాహ్నానికి గీత పూర్తయింది. డ్రాఫ్ట్స్‌మన్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"వార్డులా లేదండీ. నీళ్ళు పిండి పారేసిన తువ్వాలులా ఉంది."

"అందం సంగతి నాకెందుకు? ఓట్లు చెప్పు."

"ఎనిమిదిలో నూటికి తొంభై మీవే. తొమ్మిదిలో మాత్రం..." అతను నవ్వాపుకున్నాడు. "మీ పార్టీ పోస్టరు అంటించడానికి గోడ కూడా ఇవ్వరండీ."

"దాని గోల మనకెందుకయ్యా!"

కౌన్సిలరు ఆనందం పట్టలేక అతణ్ణి కావలించుకున్నాడు. మ్యాపుకి ఫొటో తీసి, ఓట్ల లెక్కతో సహా పార్టీ ప్రెసిడెంటుకి పంపాడు. అయిదు నిమిషాల్లో ఫోను మోగింది. మెచ్చుకోలు డ్రాఫ్ట్స్‌మన్ చెవిన కూడా పడాలని స్పీకరు పెట్టాడు.

"శభాష్ తమ్ముడూ! ఎనిమిదిని కోటలా కట్టావు. ఇందులో ఎవణ్ణి నిలబెట్టినా గెలుస్తాడు కదూ?"

"కళ్ళు మూసుకుని గెలుస్తాడన్నా!"

"మా అల్లుడైనా?"

"అల్లుడుగారు గడప దాటక్కర్లేదన్నా. ఇంట్లో పడుకున్నా గెలుస్తారు!"

"నా కడుపులో పాలు పోశావు. అయితే ఎనిమిది వాడికే ఇచ్చేస్తున్నా."

కౌన్సిలరు నవ్వు సగంలో ఆగిపోయింది.

"మరి... నా సంగతన్నా?"

"నీకేం తమ్ముడూ! మనవాడు ఒక్కడూ లేని ఆ తొమ్మిదిలో నెగ్గుకురావాలంటే, నీ అంత మొనగాడే దిగాలి!"