చెత్తబుట్టలో కొండ

తన చెత్తబుట్టలోంచి ఊడ్చేవాడు కాగితాలు ఏరి చొక్కాలో దోపుకోవడం డ్రాయింగ్ మేడం తలుపు సందులోంచి కళ్ళారా చూసింది.

అనుకున్నంతా అయింది అనుకుంది.

మేడం పని కొండల్ని నిలువునా కోసి చూపించడం. సొరంగం తవ్వుతున్న కొండ కడుపులో ఏముందో కంప్యూటర్‌లో బొమ్మ గీస్తుంది. పొర హద్దులు గీసి ఒక్క నొక్కు నొక్కితే చాలు, దాని గుర్తు పొర నిండా పరుచుకుంటుంది. సున్నపురాయికి ఇటుకలు, ఇసుకరాయికి చుక్కలు, బంకమన్నుకి చిన్న చిన్న అడ్డగీతలు.

చెప్పుకోవడానికి సుఖంగానే ఉంటుంది. పొర ఏటవాలుగా ఉన్నా ఇటుకలు మాత్రం మొండికేసి అడ్డంగానే కూర్చుంటాయి. తెరమీద ముచ్చటగా ఉన్న గీతలు కాగితం మీదికి రాగానే ముద్దకట్టి మరకైపోతాయి. ఒక్క బొమ్మ కుదిరేలోగా పది ప్రింట్లు బుట్టపాలు.

ఆ ప్రింట్ల మీదే ఇప్పుడు ఆవిడ ఉద్యోగం వేలాడుతోంది. మన బొమ్మలు బయట ఎక్కడో కనబడ్డాయట, అవతలి కంపెనీవాళ్ళ చేతిలో పడితే ముందు నీ కుర్చీకే ఎసరు అని మేనేజరు నిన్ననే పిలిచి మెత్తగా చెప్పాడు. ఆ మెత్తదనానికే ఆవిడకి అన్నం సహించలేదు.

ఊడ్చేవాడు చేరి రెండు నెలలైంది. అరవై దాటిన మనిషి. పిలిస్తే పలకడు, మూడోసారికి గానీ తిరిగి చూడడు. అదంతా నటనేనని, పైకి చెవిటివాడిలా ఉండి అన్నీ వింటున్నాడని ఆవిడ గట్టి నమ్మకం. పైగా చీపురు పట్టుకుని ఆవిడ వెనకే నిలబడి తెరవైపు గుడ్లప్పగించి చూస్తాడు.

ఇంట్లో చెబితే ఆయన నవ్వాడు. నువ్వు పాలవాణ్ణీ అనుమానిస్తావు, పాలనీ అనుమానిస్తావు అన్నాడు.

నవ్వితే నవ్వనీ అనుకుని ఆవిడ ఎర వేసింది.

బొమ్మ నడుమ సన్నటి బంకమన్ను పొర ఒకటుంది. అసలు బొమ్మని వేరే భద్రం చేసుకుని, నకలులో ఆ పొరని పట్టుకుని గీతలు తీసేసి ఇటుకలు నింపింది. జారే మన్ను కాస్తా ఒక్క నొక్కుతో గట్టి రాయైపోయింది. దాన్ని ప్రింటు తీసి, నలిపి, బుట్టలో పడేసింది. ఇది ఎక్కడ తేలితే దొంగ అక్కడున్నట్టే.

మర్నాడు పొద్దున అది ఆవిడ బల్లమీదే తేలింది. ముడతలు చేత్తో సాపు చేసి ఉన్నాయి. పక్కనే ఊడ్చేవాడు నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఇక్కడ తప్పు పడింది," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "మొన్నటిదాకా మన్ను ఉండేది. ఇప్పుడు రాయి చేశారు."

ఇంజనీర్లే పక్కనున్న గుర్తుల పట్టిక చూడందే చెప్పలేరు. చీపురు పట్టేవాడికి ఇదెలా తెలుస్తుంది?

"నీకెవరు నేర్పారు?"

అతను ఆవిడ పెదాలవైపే చూశాడు. "చూసీ చూసీ వచ్చిందమ్మా. అది దిద్దండి. మనుషులు పోతారు."

బెదిరింపు కూడానా అనుకుని ఆవిడ వాచ్‌మన్‌ని పిలిచింది. చొక్కా వెతికితే ఇంకో నాలుగు ప్రింట్లు బయటపడ్డాయి. ఇంక చెప్పేదేముంది. మధ్యాహ్నానికల్లా గేటు బయటికి పంపేశారు. వెళ్ళేముందు అతను చీపురుని దాని మూలలో జాగ్రత్తగా నిలబెట్టి మరీ వెళ్ళాడు.

మేనేజరు మెచ్చుకున్నాడు. నాలుగు రోజులు ఆవిడ కడుపునిండా తింది.

ఐదో రోజు ఒళ్ళంతా బురదతో సొరంగం ముఠా మేస్త్రీ గుమ్మంలోకొచ్చాడు. నేల పాడవుతుందని లోపల అడుగుపెట్టలేదు.

పొద్దున తవ్వుతుంటే బంకమన్ను తగిలిందట. చూడగానే పారలు అక్కడే వదిలేసి పరుగు అందుకున్నారట. వెనకే నీళ్ళు విరుచుకుపడ్డాయట. పదకొండు మందిలో ఒక్కరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదట. ఇదంతా ఊడ్చే పెద్దాయనకి చెప్పాలని వచ్చాడట. నాలుగు రోజులుగా ఆయన తమ షెడ్డుకి రాలేదు, గదికి వెళ్తే ఖాళీ చేసి వెళ్ళిపోయాడన్నారు, ఇక్కడైనా ఉన్నాడేమోనని.

"అతనికి చెప్పడమెందుకు?" అంది మేడం.

మేస్త్రీ చేతిలో కాగితం విప్పాడు. ఎర వేయకముందు ఆవిడ నలిపి పడేసిన ప్రింట్లలో ఒకటి. గోడకి అంటించిన జిగురు మరకలు మూలల్లో ఇంకా ఉన్నాయి. అడ్డగీతల పొర పక్కన పెన్సిలుతో ఓ చిన్న మనిషి బొమ్మ, పరుగెడుతూ.

"మాకు ఆఫీసు నుంచి వచ్చేవి రాతకాగితాలు, మేడం. మాలో చదువొచ్చినవాడు లేడు. రోజూ ఈ బొమ్మలు తెచ్చి గోడకి అంటించి ఆయనే నేర్పాడు. ఇటుకలుంటే తవ్వండి, చుక్కలుంటే చూసి తవ్వండి, గీతల చోట మన్ను తగిలితే ఇంక అక్కడ ఆగకండి, పరిగెత్తండి అని."

బొమ్మలు బయట కనబడ్డ చోటు ఏదో ఆవిడకి అర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఆయన మీకేమవుతాడు?" అంది.

"ఏమీ కాడు, మేడం," అన్నాడు మేస్త్రీ కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ. "ఇలాగే మన్ను తగిలి పాత సొరంగం కూలినప్పుడు తొమ్మిది మంది ముఠాలో చెవులు పోయినా ప్రాణంతో బయటపడింది వాళ్ళ మేస్త్రీ ఒక్కడే, ఆ మేస్త్రీయే ఈయన, మీ గది ఊడ్చే పనే కావాలని అడిగి మరీ చీపురు పట్టాడు."