కొండ అంచున వీరాంగదుడు

పుస్తకాల్లోని మనుషులు మనకు ఫోన్లు చేసే రోజులొచ్చినా నా అలవాటు మారలేదు. ఏ మాయలూ మంత్రాలూ ఉన్న సిరీస్ అయినా సరే, మంచిరోజు చూసుకుని, మొదటి భాగం మూలలకు పసుపు రాసి మరీ మొదలుపెడతాను. మా ఇంట్లో పసుపు అంటిన మొదటి భాగాలు పద్నాలుగున్నాయి. రెండో భాగం ఒక్కటీ లేదు.

మనం చదవడం ఎక్కడ ఆపితే పాపం వాళ్లు అక్కడే ఉండిపోతారు. వీరాంగదుడనే యువరాజుని నాలుగేళ్ల కిందట కొండ అంచున వేలాడుతుండగా వదిలేశాను. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో రోజూ టిఫిన్ వేళకి ఫోన్ చేస్తాడు.

ఆ ఆదివారం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తర్వాత ఏ సిరీస్ చదవాలా అని ఆలోచిస్తున్నాను. ఏడు భాగాల డ్రాగన్లా, పన్నెండు భాగాల మంత్రగత్తెలా? డ్రాగన్లకే మొగ్గాను. దశమి గురువారం బాగుంది.

అంతలో ఫోన్ మోగింది. వీరాంగదుడే.

"ఇంకొక్క వారం ఓపిక పట్టు నాయనా," అన్నాను, ఎప్పటిలాగే.

"నేను పైకొచ్చేశానండీ. నిన్న మధ్యాహ్నం అమ్మగారు ఆ తర్వాతి పేజీ చదివారు."

వంటింట్లో మా ఆవిడ సువర్చల పోపు వేస్తోంది. ఇటు చూడలేదు.

"మరి ఫోనెందుకు చేశావు?"

కాసేపు నసిగాడు. "డ్రాగన్లు చేయమన్నాయండీ. దయచేసి తమని మొదలుపెట్టొద్దని చెప్పమన్నాయి."

మంత్రగత్తెలు ఏమన్నారని అడిగాను. వాళ్లు అప్పుడే ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారట.