వెనక సీటు

కోరమండల్ ఊరు దాటేసరికి బండి చార్జి మీటరులో నలభై ఉన్న అంకె ఇరవై ఆరుకు పడింది.

వసంత్ వేగం తగ్గించాడు. ఎలక్ట్రిక్ బండి రాత్రంతా ఆసుపత్రి బయట మంచులో ఉంది. చలికి బ్యాటరీ చార్జి నిలవదు.

కాన్పయిన భార్య చంద్రికకు రక్తం పోవడం ఆగలేదు. ఆమె గ్రూపు రక్తం చుట్టుపక్కల దొరకలేదు. ఆ గ్రూపు మనిషిని కేశవమూర్తి మేష్టారు వెతికి పట్టుకున్నాడు. పేరు బచ్చప్ప. ఫోను లేదు.

"తొలి బస్సుకు బేతమంగళలో దిగుతాడు. నువ్వు బస్టాండు వదలొద్దప్పా" అన్నాడు మేష్టారు.

అతన్ని వెనక ఎక్కించుకుని తిరిగి రావాలి. చార్జి అందుకే దాచుకోవాలి.

పొలాల దారి రోడ్డును కలిసే చోట ఒకాయన చెయ్యెత్తాడు. తలకు తువ్వాలు, భుజాన కంబళి. ఒక కాలు ఈడుస్తున్నాడు.

"బేతమంగళ దాకా ఎక్కించుకోప్పా."

"చార్జి లేదు."

"బండి పోతా ఉండాది కదా."

"ఒకరికే పోతాది. ఇద్దరెక్కితే నిలిచిపోతాది. వచ్చేటప్పుడు నాకు వెనక మనిషి ఉండాడు."

"మంచి పనికి పోతా ఉండాను. పొద్దెక్కితే చెడిపోతాది."

ఏం పని అని వసంత్ అడగలేదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికి, ఎందుకు అని అడిగితే పని చెడుతుందని ఆ ఊళ్లలో ఎవరూ అడగరు. ఆయనా చెప్పలేదు.

"మంచి పనికి నడిచిపోతే పుణ్యం ఇంగా ఎక్కువొస్తాది, పో."

ఆయన నవ్వి పక్కకు తప్పుకున్నాడు.

బస్టాండులో తొలి బస్సు ఆలస్యంగా వచ్చింది. దిగిన ప్రతి మగవాణ్ణీ వసంత్ అడిగాడు. బచ్చప్ప లేడు. తర్వాతి బస్సులోనూ లేడు. కదిలితే మనిషి తప్పిపోతాడని అక్కడే నిలబడ్డాడు.

ఎండ వచ్చింది. బండి వేడెక్కింది. మీటరులో అంకె మళ్లీ పెరిగింది. ఇద్దరెక్కినా ఆసుపత్రికి పోయి రావచ్చు.

ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి చెల్లెలు అర్పిత.

"వస్తా ఉండాను. వాడింకా దిగలేదు" అన్నాడు వసంత్.

అవతల అర్పిత ఏడుస్తోంది.

"ఇంగ ఆత్రం లేదన్నా. నిదానంగా రా."

వసంత్ బండి పక్కన నేల మీద కూర్చున్నాడు.

తువ్వాలాయన కాలు ఈడ్చుకుంటూ బస్టాండులోకి వచ్చాడు. వసంత్‌ను గుర్తుపట్టాడు.

"నీ బండి నిలిచిపోలేదు కదప్పా?"

వసంత్ తలెత్తి చూశాడు.

"మా ఊరికి బస్సు రాలేదు, నడిచే వచ్చినాను" అని ఆయన బస్టాండంతా కలయజూశాడు. "ఈడ వసంత్ అని ఒకాయప్ప బచ్చప్ప కోసరం కాచుకోని ఉంటాడంట, యాడన్నా చూసినావా? ఆయప్ప ఇంటామెకి రక్తమిచ్చేదానికి వచ్చినాను."