దారివ్వని ట్రక్కు

“మళ్ళీ హారన్ కొట్టు నాన్నా!” అంది వెనక సీట్లోంచి ఎనిమిదేళ్ళ టెస్.

గ్రేడీ కొట్టాడు. ముందు పోతున్న ఆకుపచ్చ ట్రక్కు వినిపించుకోలేదు. కొండ మొదలైన దగ్గర్నుంచీ అదే నడక, గంటకి పదిహేను మైళ్ళు. పైన జూనిపర్ ఫ్లాట్ క్యాంపు మైదానం ఇంకా ఆరు మైళ్ళుంది. పదకొండింటికి అక్కడ పిల్లలకి మంచు మీద జారే బండ్ల పందెం. ఇప్పుడు పదీ నలభై.

“పక్కకి తప్పుకోవడానికి నాలుగు చోట్లు దాటాడు. ఒక్కచోటన్నా ఆగాడా? రోడ్డు వాడి బాబు వేయించాడా ఏం?”

“మంచు పడుతోంది కదా, జాగ్రత్తపడుతున్నాడేమోలే,” అంది అతని భార్య నోరీన్.

“అంత జాగ్రత్త ఉన్నవాడు ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకోవాలి. మనం మంచులో జారకుండా టైర్లకి గొలుసులు కట్టుకున్నది ఎందుకు? తెల్లారకముందే లేచి బోయిసీ నుంచి బయల్దేరింది ఎందుకు? వీడి వెనక ఊరేగడానికా?”

కాస్త తిన్నటి దారి రాగానే గ్రేడీ కారుని ఎడమ వైపుకి లాగాడు. ట్రక్కు కూడా ఎడమకి జరిగి సరిగ్గా రోడ్డు మధ్యలో కూర్చుంది. మరో మైలు తర్వాత మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అంతే.

“చూశావా? కావాలనే చేస్తున్నాడు!” గ్రేడీ ముఖం కందగడ్డలా అయింది. అద్దం దించి, తల బయటపెట్టి గట్టిగా ఒక తిట్టు తిట్టబోతే నోటినిండా మంచు పడింది. టెస్ పకపకా నవ్వింది.

గడియారం పదకొండు చూపించాక ఆ పిల్ల నవ్వడం మానేసింది.

వాళ్ళు పైకి చేరేసరికి బండ్లన్నీ వాలులో జారిపోతున్నాయి. “పేర్లు రాసుకోవడం అయిపోయిందమ్మా,” అంది పందేనికి కట్టిన తాడు దగ్గర నిలబడ్డ ఆవిడ. టెస్ ఏడవలేదు. పెదవి బిగబట్టి, కారు మీద కట్టిన తన ఎర్రబండి వంక చూసింది. అది చూసిన గ్రేడీ విసురుగా ట్రక్కు దగ్గరికి నడిచాడు.

అందులోంచి దిగింది ఒక ముసలామె. డెబ్భై దాటి ఉంటాయి. అతను ఒక్క క్షణం తడబడ్డాడు గానీ కోపం ఆగలేదు.

“ఏమమ్మా, చెవులు వినబడవా? పదకొండు మైళ్ళు మమ్మల్ని తోకలా ఈడ్చుకొచ్చావు! దారివ్వకపోతే పోయావు, అడ్డం కూడా వస్తావా? నా కూతురు నెలరోజుల్నుంచి ఈ పందెం పేరే జపిస్తోంది, తెలుసా?”

ఆమె మధ్యలో అడ్డు చెప్పకుండా అంతా విన్నది. తర్వాత అడిగింది.

“కారులో ఎంతమంది వచ్చారు బాబూ?”

“ముగ్గురం. అయితే ఏం?”

ఆమె అతని భుజం మీదుగా నోరీన్‌ని చూసింది. టెస్‌ని ఇంకాస్తసేపు చూసింది. “ముగ్గురూ వచ్చారు,” అని తనలో తను అనుకుని, ట్రక్కెక్కి, వెనక్కి తిప్పి, వచ్చిన దారినే దిగిపోయింది.

గ్రేడీ ఒళ్ళు భగ్గుమంది. నేరుగా క్యాంపు ఆఫీసులోకి వెళ్ళాడు. అక్కడి కాపలాదారు లైల్ పొయ్యి ఎగదోస్తున్నాడు.

“ఆకుపచ్చ ట్రక్కు. నంబరు చెప్తాను, ఫిర్యాదు రాసుకోండి.”

“ఇర్మా మీదా? ఇవాళ మీరు నాలుగోవారు.”

“ఇంతమంది చెప్పినా చేతులు ముడుచుకు కూర్చున్నారా?”

“షెరీఫుకి చెప్పాం. వచ్చి మందలించాడు కూడా. ఆవిడ దారి ఆవిడదే. బోర్డు మీద పదిహేనని రాసుంటే పదిహేనులోనే పోతోంది, ఏమని పట్టుకుపోను అంటాడాయన.”

“మరి అంత నింపాదిగా ఎక్కొచ్చిన మనిషి అయిదు నిమిషాలైనా ఉండకుండా దిగిపోయిందేం?”

“కింద నిలబడుతుంది. పైకొచ్చే కారు కనబడితే దాని ముందు బయల్దేరుతుంది. మంచు పడే రోజుల్లో పొద్దుగూకేదాకా ఇదే పని.”

“పిచ్చా ఆవిడకి?”

లైల్ పొయ్యి తలుపు మూసి చేతులు దులుపుకున్నాడు.

“రెండేళ్ళ కింద తొమ్మిదో మైలు దగ్గర ఒక కారు, ముందున్న బండిని దాటబోయి లోయలో పడింది. ఇర్మా కొడుకు, కోడలు, ఆరేళ్ళ మనవరాలు. ముగ్గురూ పోయారు.”

గ్రేడీ బయటికి చూశాడు. కిటికీలోంచి టెస్ ఎర్ర టోపీ కనిపిస్తోంది. అతని కోపం చల్లారలేదు, ఇంకో మనిషి మీదికి మళ్ళింది.

“చిన్నపిల్లని వెనక కూర్చోబెట్టుకుని, ఇలాంటి రోడ్డు మీద అంత తొందరేమొచ్చింది? ఆ కొడుక్కి బుద్ధుండక్కర్లేదా? వాడి మూలాన ఈ వయసులో ఆ తల్లికి ఇంత శిక్షా?”

“ఆ రోజు కారు నడిపింది ఇర్మా.”