పాట చివర చిరుగంట

"ఈ ప్లేయర్ చెయ్యి కూడా దండగేనక్కా. పాట చివర మోగే చిరుగంట దీనిలోనూ వినబడలేదు," అంటూ తమ్ముడు రికార్డు మీది ముల్లు ఎత్తేశాడు.

అతను పియానోలు శ్రుతి చేస్తాడు. ఈమధ్య ఒకసారి పిలిచిన ఇంటివాళ్లు మళ్ళీ పిలవడం లేదు. పాత రికార్డు ప్లేయరే తన చెవిని పాడుచేసిందని తేల్చుకుని, ముల్లును పట్టుకుని గాలిపొర మీద తేలుస్తూ తిన్నగా నడిపే చేతులు, టోన్‌ఆర్మ్‌లు, రెండు తెచ్చుకున్నాడు.

"మొదటిదానికి గాలి ఒత్తిడి ఎక్కువ, బిగువుగా నడిచింది. ఇది మెత్తగా తేలుతోంది. గంటని మాత్రం రెండూ మింగేశాయి. వీటిని చేసినవాళ్లకి అసలు చెవులున్నాయా?"

"వాళ్ల చెవుల సంగతి తర్వాత. ముందు ఆ ఈల ఆపరా బాబూ, తల పగిలిపోతోంది."

"ఏ ఈల?"

అక్క నవ్వబోయి ఆగిపోయింది. టోన్‌ఆర్మ్‌కి గాలి అందించే పంపు నుంచి వచ్చే రబ్బరు గొట్టం అతని మోకాలి పక్కనే చిట్లి, కీచుమని గాలి వదులుతోంది. ఆమె వంగి చిల్లు మీద వేలు పెట్టింది. కీచు ఆగింది. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

అతను ఆమె వేలు తప్పించి తన వేలు పెట్టి చూశాడు.

"గాలి తగులుతోంది. చప్పుడు కూడా వచ్చిందా?"

ఆమె తల ఊపింది.

"మరి గంట?"

"రెండిటిలోనూ వినబడిందిరా. నువ్వు ఇంకేదో గంట గురించి అంటున్నావనుకున్నాను."

అతను ఆమె ముఖంలోకే చూస్తూ మెల్లగా వేలు తీశాడు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ పెట్టాడు.