పదివేల ఏళ్లు నిలిచే రాయి

కాగితం మీది పుర్రె బొమ్మను చూసి ఉస్మాన్ ముసిముసిగా నవ్వాడు. ఆళ్లగడ్డలో జాషువా రాళ్లు చెక్కే పాకకు ఎదురుగానే ఉస్మాన్ టీ కొట్టు.

"ఈ బొమ్మున్న రాయి కనపడితే ఏం చేస్తావన్నా?" అడిగాడు జాషువా.

"తవ్వుతా. పుర్రె చెక్కి మరీ బెదిరిస్తాండారంటే కింద లంకెబిందెలు ఉన్నట్టే గదప్పా."

జాషువా మొహం మాడిపోయింది. ఇలా ఓడిపోవడం నాలుగోసారి. పాక మూలన కూర్చున్న అజయ్ కుమార్ ఆ బొమ్మను కూడా తన జాబితాలోంచి కొట్టేశాడు.

అజయ్ కుమార్‌ది ఈ ప్రాంతం కాదు. ఎక్కడో ఎడారిలో, భూమి లోతున, విషపు చెత్త పాతిపెట్టబోతున్న ఒక సంస్థ తరఫున వచ్చాడు. ఆ విషం విరగడానికి పదివేల ఏళ్లు పడుతుందట. అందాకా అక్కడ ఎవరూ తవ్వకుండా కాపలా కాయాల్సింది రాళ్లే. అప్పటికి మన భాషలుండవు, మన దేశాలుండవు అంటాడాయన. ఆ ఎడారి అడవైపోవచ్చు, మన నంద్యాల ఇసుక మేట కావచ్చు. మనుషులు చుక్కల్లోకి ఎగిరిపోయి ఉండొచ్చు, లేదా ఉన్నదంతా పోగొట్టుకుని మళ్లీ రాయికి రాయి కొట్టి నిప్పు పుట్టించుకుంటూ ఉండొచ్చు. ఎవరైనా సరే, బొమ్మ చూడగానే వెనక్కి తిరిగి పోవాలి. దాని మీద అక్షరం ముక్క ఉండకూడదు.

మొదట్లో జాషువాకు ఇదంతా పనిలేని పెద్దమనుషుల కబుర్లలా తోచింది. అతను చెక్కేది సమాధి రాళ్లు. వాటిని మనవల కాలానికే పలకరించే దిక్కుండదు, ఇక పదివేల ఏళ్ల గొడవ ఎందుకు? కానీ ఒకరోజు కూతురు కీర్తన అన్నం తింటూ, "నీ బొమ్మ అర్థం కాకపోతే ఆ పిల్లోళ్లు సచ్చిపోతారా నాయనా?" అని అడిగింది. ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది. ఎప్పుడు పుడతారో తెలియని ఆ పిల్లలు ఇక అతన్ని వదల్లేదు.

ఆలోచించగా ఆలోచించగా ఒక సంగతి బోధపడింది. బెదిరిస్తే మనిషి ఇంకా తవ్వుతాడు. జరగబోయేది చూపించాలి. నేలలోంచి చుక్కలు చుక్కలుగా విషం పైకొస్తుంది. బిడ్డ వంగి తాగుతుంది. ఆ పక్కన అదే బిడ్డ తల్లి ఒళ్లో కళ్లు మూసుకుని ఉంటుంది. తల్లి ఏడుపు ఆపుకోలేక అరచెయ్యి నోటికి పెట్టుకుంటుంది. మిగతా జనం వీపులు తిప్పి వెళ్లిపోతుంటారు. నల్లరాయి మీద నమూనా చెక్కి నిలబెట్టేసరికి జాషువాకే ఒళ్లు జలదరించింది. ఏ కాలంలోనైనా తల్లి తల్లే, బిడ్డ బిడ్డే. అజయ్ కుమార్ చాలాసేపు చూసి, ఇది కుదిరింది, ఒక్కసారి చదువు రానివాళ్లను కూడా అడిగి చూద్దామన్నాడు.

ఆ మధ్యాహ్నమే జీవమ్మ వచ్చింది. అవుకు ఊరికి అవతల ఒక పల్లె ఆమెది. నిరుడు మనవరాలికి, ఈ వేసవిలో కొడుక్కి సమాధి రాళ్లు ఇక్కడే చెక్కించింది. ఇప్పుడు చిన్న మనవడికి. జాషువా ఆ పిల్లవాడి పేరు రాసుకుని, మంచినీళ్లిచ్చి, ఆమె కాస్త కుదుటపడ్డాక నమూనా చూపించాడు.

"అవ్వా, ఇదేందో చెప్పగలవా?"

ఆమె పరీక్షగా చూడను కూడా చూడలేదు. "చెప్పేదేముంది నాయనా, మా ఊర్లో చూసిందే గదా."

అలాంటిది ఇంకెక్కడా లేదనీ, ఈమధ్యనే తన బుర్రలో పుట్టిందనీ జాషువా నచ్చజెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు. మూడేళ్ల కింద ఊరి మిట్టను చదును చేస్తుంటే నిలువు లోతు మట్టి కింద ఇవే బొమ్మలున్న రాళ్లు బయటపడ్డాయంది. ఎంత కాలం నాటివో చెప్పగలిగినవాళ్లు లేరట. గుండ్రంగా పాతి ఉన్నాయట, మొత్తం పన్నెండు.

అజయ్ కుమార్ కుర్చీలోంచి లేచాడు. ఎడారిలో గుండ్రంగా పాతడానికి పన్నెండు రాళ్లు కావాలన్న మాట అతను జాషువాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఆ బొమ్మల్ని చూస్తే మీకేమర్థమైందవ్వా?" అన్నాడు జాషువా.

"అర్థం గాకేం. నేలలోంచి చుక్కలొస్తాండాయి. బిడ్డ తాగుతాంది, తల్లి అరచేత్తో తాగుతాంది. బిడ్డ కడుపు నిండి ఒళ్లో నిద్రపోయింది. దాహం తీరినోళ్లు ఇండ్లకు పోతాండారు. ఏడేండ్లు ట్యాంకరు నీళ్లకు కొట్టుకులాడినోళ్లం నాయనా. నీళ్లు యాడుండాయో పెద్దోళ్లు మాకోసరం గుర్తు పెట్టి పోయినారని ఊరంతా దేవునికి స్తోత్రం చెప్పుకుంటిమి."

జాషువా ఉలిని కింద పెట్టాడు. ఇక అడగొద్దని అజయ్ కుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు గాని, జీవమ్మే మాట పూర్తి చేసింది.

"ఆడనే మేము తాగే బోరేసింది."