మబేలా కప్పుకు పోయిన జట్టు

ఒమన్‌లోని మబేలాలో సూపర్‌మార్కెట్ నడిపే ఖమరుద్దీన్ కబడ్డీ జట్లను కొంటున్నాడట. మేకలను కొన్నట్టు పళ్లు చూసి, పక్కటెముకలు తడిమి మరీ కొంటున్నాడట. పక్క రూమ్ జయరాముడికి ఈ కబురు నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ చెప్పాడు. డ్రైవర్‌కు ఎవరు చెప్పారో జయరాముడు అడగలేదు. అడిగితే కబురు రుచి చెడుతుందని అతని నమ్మకం.

దేవదాసు ఉల్లిగడ్డలు కోస్తూ విన్నాడు. ఆ వారం కూడా ఓడిపోయాడు మరి.

రుస్తాఖ్‌లో గోడకు గోడ ఆనుకుని రెండు కూలీల క్యాంపులు. ప్రతి శుక్రవారం ఎండిన వాగు ఇసుకలో ఈ క్యాంపు ఏడుగురూ ఆ క్యాంపు ఏడుగురూ కబడ్డీ ఆడేవారు. ఓడినవాళ్లు వండాలి, గెలిచినవాళ్లు తినాలి. రెండేళ్లు గడిచేసరికి దేవదాసు జట్టు చేతివంట పేరుపొందింది. అవతలి కెప్టెన్ సురేందర్‌ది సిరిసిల్ల పక్కన దేవదాసు ఊరికి ఆనుకున్న ఊరే. విస్తరి ముందు కూర్చుని, "అన్నా, ఈ వారం మసాల మంచిగ కుదిరింది" అని మెచ్చుకోవడం అతని మర్యాద.

మరుసటి శుక్రవారం ఖమరుద్దీన్ స్వయంగా తెల్లటి ల్యాండ్ క్రూయిజర్‌లో దిగాడు. బోధన్ మనిషి, పొట్ట ఒమన్‌లో పెంచుకున్నది. బానెట్‌కు ఆనుకుని ఆటంతా చూశాడు. దేవదాసు ఆ రోజూ ఓడాడు. అయినా ఖమరుద్దీన్ గెలిచిన సురేందర్ వైపు తల కూడా తిప్పకుండా నేరుగా దేవదాసు దగ్గరికే వచ్చి, ఆ కూత వింటే తన ఒళ్లు జలదరించిందన్నాడు. ఓడినవాడికి, తనది ఒళ్లు జలదరింపజేసే కూత అంటే నమ్మడానికి ఎక్కువసేపు పట్టదు.

ఖమరుద్దీన్ చాలా విషయాలు కనుక్కున్నాడు. కంపెనీ శుక్రవారం బస్సులు ఇస్తుందా, జీతాలు ఏ తారీఖున పడతాయి, ఊళ్లలో ఎవరెవరి ఇళ్లల్లో వీసీఆర్ ఉంది. ఆటగాళ్ల బాగోగులు ఇంత శ్రద్ధగా అడిగిన పెద్దమనిషిని దేవదాసు గల్ఫ్‌కు వచ్చాక చూడలేదు. చివరికి బేరం తేలింది. మ్యాచ్‌కు ముప్పై రియాళ్లు, వీపు మీద దుకాణం పేరుతో పచ్చ బనీన్లు. ప్రతి ఆటనూ వీడియో తీసి క్యాసెట్లు అమ్ముతారు. షరతు ఒక్కటే, శుక్రవారం ఇంకెవరితోనూ ఆడకూడదు.

ఆ సాయంత్రం దేవదాసు తన జట్టుకు జట్టు ప్రతిష్ఠ గురించి చెప్పాడు. రెండేళ్లుగా గుర్తురాని ప్రతిష్ఠ ముప్పై రియాళ్లు వినగానే లేచి కూర్చుంది.

సురేందర్ అతన్ని గోడ దగ్గరే పట్టుకున్నాడు. "అయితే శుక్రారం మాతోని ఎవలాడాలె?"

"ఎవలన్న దొరుకుతరు తమ్మీ. మనిషికి లెవెల్ అని ఒకటుంటది."

"రెండేండ్ల సంది నీ లెవెల్ తోనే గద అన్నా, మా కడుపులు నిండుతున్నయి."

దేవదాసు ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత గోడ అవతలికి పలకరింపు కూడా పోలేదు.

ఖమరుద్దీన్ తన దుకాణం పక్క మైదానంలో పెట్టిన మబేలా కప్పు మొదలైంది. అది తొంభై నాలుగు, చలికాలం. పోనూ రానూ మూడు గంటల ప్రయాణం. మొదట బర్కా వాళ్ల చేతిలో ఓడారు, తర్వాత సోహార్ వాళ్ల చేతిలో, ఆ తర్వాత ఖురియాత్ చేపల రేవులో పనిచేసేవాళ్ల చేతిలో. ఖురియాత్ వాళ్లు దేవదాసును కూత మధ్యలోనే వల వేసినట్టు చుట్టేశారు. మొత్తం ఆరు శుక్రవారాలు, ఆరు ఓటములు. అయినా మూడు వందల ఇరవై మంది ఉన్న దేవదాసు క్యాంపు ఖాళీ అయి ఆరు బస్సుల్లో వెంట వచ్చేది. గొంతులు పోయేలా అరిచి, దుకాణంలో చల్లటి సీసాలు ఖాళీ చేసి, వెనక్కి వచ్చేది.

క్యాసెట్ చూసినప్పుడు దేవదాసుకు కాలింది. అతని కూత వచ్చేసరికి కెమెరా జనం మీదికి తిరుగుతోంది. జట్టులో ఏడోవాడు నర్సింగ్ నవ్వాడు. "నీ కూత పడలేదు గని అన్నా, మన జయరాముడు ఐస్‌క్రీమ్ తినుడు మస్తు పడ్డది. ఇంటికి పంపుతనని రెండు క్యాసెట్లు కొన్నడు." కెమెరా పట్టేవాడికి పని రాదని దేవదాసు తీర్మానించాడు.

ప్రతి శుక్రవారం పొద్దుగూకే వేళకు బస్సు దిగితే, సురేందర్ జట్టు గోడ పొడుగునా ఊరకే కూర్చుని ఉండేది. ఆడదామంటే ఎదురుజట్టు లేదు. ఎంతకు ఓడారని కూడా ఎవరూ అడిగేవారు కాదు. ఎగతాళి చేసినా బాగుండునని దేవదాసుకు అనిపించేది. ఓడి వండిన రోజుల్లో కూడా అతనికి అంత చిన్నతనం కాలేదు.

ఆరో ఓటమి తర్వాత ఖమరుద్దీన్ జట్టును దుకాణంలోకి పిలిచాడు. వెళ్లగొట్టడానికే అనుకున్నారు అందరూ. అతను టీ తెప్పించి, వచ్చే ఏడాదికి మ్యాచ్‌కు నలభై ఇస్తానని అడ్వాన్సు కవరు బల్ల మీద పెట్టాడు. నర్సింగ్ చేయి అప్పుడే కవరు మీదికి పోయింది. దేవదాసు ఆ చేతిని పట్టి ఆపాడు.

"భాయ్, నీ ఉప్పు తిన్నం, అబద్ధం చెప్ప. రుస్తాఖ్‌ల సురేందర్ జట్టుకు మేము కాలిగోటికి సరిపోం. రెండేండ్లు వాళ్లకు వండిపెట్టినం. మా జాగల వాళ్లను తీస్కో. నీ కప్పుకు ఇజ్జత్ ఉంటది."

ఆ మాట అనడానికి దేవదాసుకు ఆరు వారాలు పట్టింది. అనేశాక గుండె తేలికపడింది. సురేందర్‌కు ఈ కబురు తనే గోడ దూకి చెప్పాలనుకున్నాడు.

ఖమరుద్దీన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎరికే మియా. నీ కన్న పది రెట్లు మంచిగ ఆడ్తరు. మొదటి దినమే చూసిన."

"మరి?"

"వాళ్ల క్యాంపుల నలభై మందే ఉన్నరు."